బ్యాక్టీరియా విషాలు, మన కణాల్లోని ఎంజైములు: అపోహలు – వాస్తవాలు

కలరా, కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు. ఈ పేర్లు వినని తెలుగు ఇల్లు ఉండదు. ఈ జబ్బుల్లో రోగి ప్రాణం మీదికి తెచ్చేది చాలావరకు బ్యాక్టీరియా విడిచే టాక్సిన్, అంటే విషపు ప్రొటీన్. అది మన కణంలోకి వెళ్ళి ఏ ఎంజైమును ఏం చేస్తుందో చాలా దశాబ్దాలు ఎవరికీ తెలియలేదు. మనిషి కణాలను ఒంటి బయట, పోషక ద్రవంలో పెంచడం (కణవర్ధనం) నేర్చుకున్నాక ఒక్కొక్క టాక్సిన్ గుట్టు బయటపడింది. అయినా వీటి గురించి మనలో పాతుకుపోయిన అపోహలు చాలానే ఉన్నాయి. విరేచనాలతో నీరసించిన పసివాడికి నీళ్ళు ఆపేయడం, గొంతులో పొర కట్టిన పిల్లను ఆలస్యంగా ఆసుపత్రికి తీసుకెళ్ళడం, టీకాకు భయపడటం వంటి తప్పులు ఆ అపోహల నుంచే పుడుతున్నాయి. అందుకే వీటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

అపోహ 1: బ్యాక్టీరియా ఒంట్లో చేరి కణాలను తినేయడం వల్లే జబ్బు వస్తుంది.

వాస్తవం: కలరా క్రిమి చిన్నపేగు లోపలి పొరను అంటిపెట్టుకుని పైపైనే ఉంటుంది, కణాల్లోకి దూరదు. కంఠసర్పి క్రిమి సాధారణంగా గొంతు దగ్గరే ఆగిపోతుంది, అయినా గుండె దెబ్బతింటుంది. ధనుర్వాతం క్రిమి గాయంలోనే ఉంటుంది, అయినా దవడలు బిగుసుకుంటాయి. క్రిమి ఒకచోట ఉంటే నష్టం మరోచోట జరుగుతోందంటే మధ్యలో ప్రయాణించేది ఏదో ఉండాలి.

దీన్ని మొదట రుజువు చేసింది 1888లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమిల్ రూ, అలెగ్జాండర్ యెర్సిన్. కంఠసర్పి క్రిములు పెరిగిన ద్రవాన్ని వడగట్టి, ఒక్క క్రిమి కూడా లేకుండా చేసి జంతువులకు ఎక్కించారు. అయినా జబ్బు లక్షణాలు వచ్చాయి. కలరాకు అలాంటి విషమే కారణమై ఉండవచ్చని 1884లో రాబర్ట్ కోచ్ ఊహించారు. ఆ ఊహ రుజువు కావడానికి 75 ఏళ్ళు పట్టింది. కలకత్తాలో శంభునాథ్ దే అనే వైద్య శాస్త్రవేత్త కుందేలు పేగులో ఒక ముక్కను రెండు వైపులా కట్టి, క్రిములు లేని వడపోత ద్రవాన్ని అందులోకి ఎక్కించారు. పేగు ముక్క నీటితో ఉబ్బిపోయింది. 1959లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఆ చిన్న వ్యాసం కలరా చరిత్రనే మార్చేసింది. అంత పని చేసిన మనిషికి బతికుండగా సొంత దేశంలో రావాల్సిన గౌరవం రాలేదు. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండి తీరాలి.

అపోహ 2: టాక్సిన్ అంటే కణంలోని ఎంజైముల పనిని ఆపేసే విషం.

వాస్తవం: కొన్ని ఆపుతాయి, కొన్ని ఆగనివ్వవు. పైగా చాలా టాక్సిన్లు తామే ఎంజైములు.

కలరా టాక్సిన్‌నే తీసుకుందాం. ఇందులో ‘బి’ భాగాలు ఐదు, ‘ఏ’ భాగం ఒకటి. ఐదు ‘బి’ భాగాలూ పేగు కణం పైపొరలో ఉండే జీఎం1 అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకుంటాయి. టాక్సిన్ అక్కడి నుంచి కణం లోపలి మార్గాల గుండా వెనక్కి ప్రయాణించి, ‘ఏ’ భాగంలోని చురుకైన ముక్కను కణద్రవంలోకి వదులుతుంది. మనిషి పెద్దపేగు క్యాన్సర్ నుంచి వచ్చిన టీ84 అనే కణాల మీద ఈ టాక్సిన్ వేస్తే మొదటి అరగంట దాకా ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ సమయం ఈ ప్రయాణానిదే.

లోపలికి చేరిన ముక్క ఒక ఎంజైము. అది కణంలోని ఎన్ఏడీ అనే అణువు నుంచి ఒక భాగాన్ని తీసి జీ–ఎస్ అనే ప్రొటీన్‌కు అతికిస్తుంది. జీ–ఎస్ పని ఎడినైలేట్ సైక్లేజ్ అనే ఎంజైమును అవసరమైనప్పుడు పనిలోకి దింపి, వెంటనే తనంతట తానే ఆగిపోవడం. టాక్సిన్ తాకిన తర్వాత అది కట్టేయడానికి వీల్లేని కొళాయి అయిపోతుంది. గమనించండి: ఎడినైలేట్ సైక్లేజ్‌ను టాక్సిన్ ముట్టుకోనే లేదు. దాన్ని పనిలోకి దింపే ప్రొటీన్‌ను మాత్రమే మార్చింది. దాంతో సైక్లేజ్ ఆగకుండా ఏటీపీ అనే శక్తి అణువును సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువుగా మారుస్తూ పోతుంది. సైక్లిక్ ఏఎంపీ పెరిగేకొద్దీ కణం క్లోరైడును పేగులోకి వదిలేస్తుంది. దాని వెంట సోడియం, నీరు వెళ్ళిపోతాయి. తీవ్రమైన కలరాలో పెద్దవాళ్ళకు గంటకు లీటరు దాకా నీరు పోవడానికి మూలం ఈ ఒక్క అతుకు.

ఇక్కడ దుర్వినియోగమయ్యే ఏటీపీని 1929లో కండరంలో కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఆ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నారు.

సైక్లిక్ ఏఎంపీని పెంచడానికి మరో రెండు క్రిములు వేరే దారులు పట్టాయి. కోరింత దగ్గు టాక్సిన్ జీ–ఐ అనే ప్రొటీన్‌ను పనికిరాకుండా చేస్తుంది. సైక్లేజ్‌ను అదుపు చేసేది జీ–ఐ కాబట్టి ఆ అదుపు తొలగిపోతుంది. ఆంత్రాక్స్ క్రిమి విడిచే ఈడెమా ఫ్యాక్టర్ అయితే తానే ఒక ఎడినైలేట్ సైక్లేజ్. మన కణంలోని కాల్మోడ్యులిన్ తగిలితే తప్ప అది మేల్కోదు. ఈ టాక్సిన్లను లోతుగా చదవడం వల్ల విషం గురించే కాక ఆరోగ్యంగా ఉన్న కణం ఎలా పనిచేస్తుందో కూడా తెలిసింది. జీ ప్రొటీన్ల ఆవిష్కరణకు 1994లో ఆల్ఫ్రెడ్ గిల్మన్, మార్టిన్ రాడ్‌బెల్‌లకు నోబెల్ వచ్చింది. ఆ పరిశోధన ముందుకు సాగడంలో కలరా టాక్సిన్ పాత్ర చాలా పెద్దది.

అపోహ 3: కలరా, విరేచనాల్లో పేగు పాడైపోతుంది. నోటితో ఏం ఇచ్చినా ఒంటబట్టదు కాబట్టి నీళ్ళు కూడా ఇవ్వకూడదు.

వాస్తవం: ఈ అపోహ లెక్కలేనంతమంది పిల్లల ప్రాణాలు తీసింది. కలరాలో పేగు లోపలి పొర ఊడిపోతుందని ఒకప్పుడు వైద్యులు కూడా నమ్మేవారు. 1960 ప్రాంతంలో యూజీన్ గంగరోసా బ్యాంకాక్‌లో కలరా రోగుల పేగు నుంచి చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శినిలో చూశారు. పొర చెక్కుచెదరలేదు. కలరా టాక్సిన్ కణాన్ని చంపదు, దాని లెక్క తప్పిస్తుంది, అంతే.

అసలు ఆశ ఇక్కడే ఉంది. సోడియం, గ్లూకోజు జంటగా ఉన్నప్పుడు రెండింటినీ కలిపి లోపలికి లాక్కునే ప్రొటీన్ ఒకటి పేగు కణాల్లో ఉంది. సైక్లిక్ ఏఎంపీ ఎంత పెరిగినా కలరా టాక్సిన్ దీని పనిని ఆపలేదు. అవి లోపలికి వెళితే నీరూ వెళుతుంది. ఓఆర్‌ఎస్ అంటే ఈ ఒక్క సత్యం మీద నిలబడిన మందు. అందులో చక్కెర ఉన్నది ఓపిక కోసం కాదు, ఉప్పునూ నీటినీ లోపలికి చేర్చడం కోసం. అందుకే ఉత్త ఉప్పునీళ్ళు, ఉత్త చక్కెరనీళ్ళు ఆ పని చేయలేవు.

1971 బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించారు. మరణాలు దాదాపు 30 శాతం నుంచి 4 శాతం లోపుకు దిగాయి. ఈ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య పురోగతి ఇదే కావచ్చని ‘లాన్సెట్’ పత్రిక 1978లో రాసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ద్రావణంలో సోడియం, గ్లూకోజు చెరి 75 మిల్లీమోల్స్ ఉండాలి. ప్యాకెట్ మీద రాసినంత నీటిలోనే పొడి కలపాలి, ఎక్కువా తక్కువా కాకూడదు. ప్యాకెట్ దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాగించవచ్చు. చక్కెర మితిమీరితే అది నీటిని పేగులోకి లాగి విరేచనాలను పెంచుతుంది. తియ్యటి పానీయాలను ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మకూడదని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడింది ఇందుకే. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది.

అపోహ 4: కొద్దిపాటి విషం ఏమీ చేయదు.

వాస్తవం: మామూలు విషాలకు ఈ మాట కొంతవరకు చెల్లవచ్చు. ఎంజైముగా పనిచేసే టాక్సిన్‌కు చెల్లదు. ఒక పని ముగించి ఎంజైము ఖర్చైపోదు. అదే అణువు రెండోదాన్ని, వందోదాన్ని, వెయ్యోదాన్ని మారుస్తూ పోతుంది.

దీనికి తిరుగులేని సాక్ష్యం కంఠసర్పి టాక్సిన్. దాని కథ హీలా కణాలతో ముడిపడి ఉంది. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ క్యాన్సర్ కణితి నుంచి, ఆమెను అడగకుండానే తీసిన కణాలవి. ప్రయోగశాలలో ఎడతెగకుండా పెరిగిన తొలి మానవ కణాలు అవే. ఆ కణాల్లో కంఠసర్పి టాక్సిన్ ప్రొటీన్ల తయారీని ఆపేస్తోందని 1959లో తేలింది. 1968లో జపాన్ శాస్త్రవేత్తలు తసుకు హోంజో, యసుతోమి నిషిజుక, ఒసాము హయైషి అసలు రసాయన చర్యను పట్టుకున్నారు. ఈ టాక్సిన్ కూడా ఎన్ఏడీనే వాడుకుంటుంది. ప్రొటీన్ గొలుసును ముందుకు జరిపే ఈఎఫ్–2 అనే ప్రొటీన్ మీద ఒక్క చోట అతుకు వేస్తుంది. ఇక గొలుసు కదలదు.

1978లో జపాన్‌లోనే చేసిన ప్రయోగంలో ఈ టాక్సిన్ ‘ఏ’ భాగం ఒక్క అణువు కణద్రవంలోకి చేరినా ఆ కణం చనిపోతుందని రుజువైంది. ఒక కణానికి ఒక్క అణువు! కంఠసర్పిలో ఆలస్యం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

అపోహ 5: యాంటీబయాటిక్ వేస్తే విషం విరిగిపోతుంది.

వాస్తవం: యాంటీబయాటిక్ గురి బ్యాక్టీరియా మీద. అది కొత్తగా విషం తయారు కాకుండా ఆపుతుంది. అప్పటికే మన కణంలోకి వెళ్ళి పని మొదలుపెట్టిన టాక్సిన్‌ను అది ఏమీ చేయలేదు. విషాన్ని పట్టుకోవడానికి యాంటీటాక్సిన్ కావాలి. అదైనా రక్తంలో, కణాల బయట తిరిగే విషాన్నే పట్టుకోగలదు. కణంలోకి దాటిపోయినదాన్ని అందుకోలేదు. అందుకే కంఠసర్పి అని డాక్టరుకు గట్టి అనుమానం కలిగితే ల్యాబ్ ఫలితం కోసం ఆగకుండా యాంటీటాక్సిన్ మొదలుపెడతారు. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఇటీవలి దశాబ్దాల్లో కూడా కంఠసర్పి పిల్లలను చేర్చుకుంది. గొంతులో బూడిదరంగు పొర, మెడ వాపు, జ్వరం కనిపిస్తే ఇంటి వైద్యాలతో ఒక్క రోజు కూడా పోగొట్టుకోకూడదు.

కలరాలో కథ కొంచెం వేరు. తీవ్రమైన కలరాకు ఇచ్చే డాక్సీసైక్లిన్ విరేచనాలు సాగే కాలాన్ని తగ్గిస్తుంది. ఈ మందు టెట్రాసైక్లిన్ కుటుంబానిది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు పరిశోధనా నాయకత్వంలోనే వెలువడింది. అయినా కలరాలో ప్రాణం నిలిపేది ముందుగా నీరు, ఉప్పులే.

మరికొన్ని జబ్బుల్లో యాంటీబయాటిక్ ఎదురు తిరగవచ్చు. షిగా టాక్సిన్ విడిచే ఈ–కోలై రకాల్లో ఆ టాక్సిన్ జన్యువు బ్యాక్టీరియాలో దాగిన ఒక వైరస్‌లో ఉంటుంది. కొన్ని యాంటీబయాటిక్స్ ఆ వైరస్‌ను రెచ్చగొట్టి విషాన్ని పెంచగలవు. రక్త విరేచనాలకు మందుల షాపులో అడిగి మాత్రలు వేసుకోవద్దని వైద్యులు అంత గట్టిగా చెప్పడం వెనుక ఇదీ ఒక కారణం.

అపోహ 6: ఎలుక తట్టుకున్న విషం మనిషినీ ఏమీ చేయదు.

వాస్తవం: మనిషిని సులువుగా చంపే కంఠసర్పి టాక్సిన్ మోతాదును ఎలుకలు, చిట్టెలుకలు అవలీలగా తట్టుకుంటాయి. వాటి ఈఎఫ్–2 గట్టిదేమీ కాదు. టాక్సిన్ ‘ఏ’ భాగాన్ని నేరుగా వాటి కణద్రవంలోకి చేరిస్తే అవీ చనిపోతాయి. తేడా ఉన్నది కణం పైన. టాక్సిన్ పట్టుకునే గ్రాహక ప్రొటీన్ ఎలుకల్లో కాస్త వేరుగా ఉంటుంది కాబట్టి విషానికి పట్టు దొరకదు. లోపల ఎంజైము ఒకటే అయినా, లోపలికి వెళ్ళే దారి ఉందా లేదా అన్నదే చావుబతుకులను నిర్ణయిస్తోంది. టాక్సిన్ పరిశోధనలో మనిషి కణాలు అవసరం కావడానికి ఇదీ ఒక కారణం.

అపోహ 7: వర్ధన కణాల్లో కనిపించినదే ఒంట్లోనూ జరుగుతుంది.

వాస్తవం: మనిషి కణాలు అవసరమే, కానీ అవి మనిషి కావు. ధనుర్వాతం, బొటులినం టాక్సిన్లు ఈ పాఠాన్ని బాగా నేర్పుతాయి. ఈ రెండూ ప్రొటీన్లను కత్తిరించే, జింకు ఆధారంగా పనిచేసే ఎంజైములు. ధనుర్వాతం టాక్సిన్, బొటులినం ‘బి’ రకం నాడీకణంలో ఒకే ప్రొటీన్‌ను, అదీ సరిగ్గా ఒకే బంధం దగ్గర కత్తిరిస్తాయని 1992లో ఇటలీలోని పదువా శాస్త్రవేత్తలు చూపించారు. ఒంట్లో మాత్రం ధనుర్వాతంలో కండరాలు విల్లులా బిగుసుకుంటాయి, బొటులిజంలో వాలిపోతాయి. బొటులినం కండరం దగ్గరి నాడీ కొనలోనే ఆగి సంకేతాన్ని అడ్డుకుంటుంది. ధనుర్వాతం టాక్సిన్ వెన్నుపాముదాకా పాకి, కండరాలను శాంతపరిచే నాడుల నోరు మూయిస్తుంది. ఎంజైము పని ఒకటే, ఫలితాలు మాత్రం పూర్తిగా ఎదురెదురు. కణాల్లో చేసిన పరీక్ష మొదటి విషయాన్ని చెబుతుంది, రెండోదాన్ని చెప్పలేదు.

కొలతలను అర్థం చేసుకోవడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. టాక్సిన్ వేశాక కణాల చుట్టూ ఉన్న ద్రవంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైము పెరిగితే, టాక్సిన్ ఆ ఎంజైమును చురుకు చేసిందని కొందరు విద్యార్థులు రాసేస్తారు. నిజానికి కణం పొర చిరిగి లోపలి ఎంజైము బయటికి కారింది. కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలో ఎస్‌జీపీటీ అనే ఎంజైము పెరగడం కూడా ఇలాంటిదే. కాబట్టి ఏ ప్రయోగ ఫలితం చదివినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఏ కణాలు వాడారు? ఎంత మోతాదు, ఎంతసేపు వేశారు? కొలిచింది ఎంజైము పరిమాణమా, దాని చురుకుదనమా, లేక కణం చావా?

అపోహ 8: బాగా మరిగిస్తే ఏ విషమైనా పోతుంది.

వాస్తవం: బొటులినం టాక్సిన్ సున్నితమైన ప్రొటీన్, పది నిమిషాలు మరిగిస్తే పనికిరాకుండా పోతుంది. దాన్ని తయారుచేసే క్రిమి బీజాలు మాత్రం ఆ మరుగును తట్టుకుంటాయి. స్టాఫిలోకాకస్ క్రిమి ఆహారంలో వదిలే టాక్సిన్ మరిగించినా నిలుస్తుంది. అన్నం వండాక గంటల తరబడి బయట వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు మొలకెత్తి, వాంతులు కలిగించే సెరియులైడ్ అనే విషాన్ని తయారుచేయగలవు. ఇది ఎంజైము కాదు, చిన్న రింగు అణువు. మళ్ళీ వేడి చేసినా చావదు. మిగిలిన అన్నాన్ని త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. ఇప్పటికే పాడైనదాన్ని వేడి చేసి బాగు చేయలేం.

అపోహ 9: టీకాలో ఉన్నదీ విషమే. ధనుర్వాతం తుప్పు మేకు గుచ్చుకుంటేనే వస్తుంది. ఒకసారి వస్తే మళ్ళీ రాదు.

వాస్తవం: మూడూ తప్పే. కంఠసర్పి, ధనుర్వాతం టీకాల్లో ఉండేది టాక్సాయిడ్, అంటే ఫార్మాలిన్‌తో శుద్ధి చేసి ఎంజైము శక్తిని, కణాలకు హాని చేసే గుణాన్ని పోగొట్టిన టాక్సిన్. దాని ఆకారాన్ని మన రోగనిరోధక వ్యవస్థ గుర్తుపెట్టుకుంటుంది. రేపు అసలు విషం వస్తే యాంటీబాడీలు దాన్ని కణాన్ని చేరకముందే పట్టుకుంటాయి. ఎంజైము పని మొదలయ్యాక అడ్డుకోలేమని తెలిశాక, మొదలవకముందే అడ్డుకోవడం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

ధనుర్వాతం బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఉంటాయి. ముల్లు గుచ్చుకున్నా, పొలంలో కాలు తెగినా రావచ్చు, తుప్పుతో పని లేదు. జబ్బు తెచ్చే టాక్సిన్ పరిమాణం ఎంత తక్కువంటే, అది రోగనిరోధక శక్తిని పుట్టించడానికి కూడా చాలదు. అందుకే కోలుకున్నవాళ్ళకూ టీకా వేస్తారు. గర్భిణులకు టీకా, శుభ్రమైన కాన్పు అలవాటైన ఫలితంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నవజాత శిశు ధనుర్వాతం నిర్మూలనను 2003లోనే నిర్ధారించారు. దేశమంతటికీ ఆ గుర్తింపు 2015లో దక్కింది. మన ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు గడపగడపకూ తిరిగి సాధించిన విజయమిది.

ఈ వాస్తవాలన్నిటినీ కలిపే సూత్రం ఒక్కటే. టాక్సిన్ కణం మొత్తాన్ని ధ్వంసం చేసే మొరటు శక్తి కాదు, చాలాసార్లు ఒకే ప్రొటీన్ మీద ఒకే చోట చేసే మార్పు. ఆ చోటు ఏదో తెలిస్తే ఏ మందు ఎప్పుడు పనిచేస్తుందో, ఏది పనిచేయదో తెలుస్తుంది. విరేచనాలు మొదలైన వెంటనే ఓఆర్‌ఎస్, పిల్లలకైతే దానితోపాటు డాక్టరు చెప్పినన్ని రోజులు జింకు మాత్రలు ఇవ్వండి. గొంతులో పొర కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. పెంటావాలెంట్, డీపీటీ డోసులు, పదేళ్ళకూ పదహారేళ్ళకూ టీడీ టీకా తప్పకుండా వేయించండి. శంభునాథ్ దే, మహలనబిస్ లాంటివాళ్ళు జీవితాలు ధారపోసి కనుక్కున్న ఈ జ్ఞానం ప్రయోగశాలల్లో ఉండిపోకుండా మన ఇళ్ళలో అమలైనప్పుడే వారి శ్రమకు ఫలం.